నాడి పట్టే చెయ్యి ఎవరిది?

(సావిత్రిబాయి ఫూలే వర్ధంతినాడు మండల కేంద్రంలోని అంబేద్కర్ భవనంలో నర్సులు, ఆశా కార్యకర్తలు, సంఘ సభ్యులతో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



కరోనా కాలంలో నర్సులు రోగుల్ని కనిపెట్టుకొని ఉన్న తీరు గురించి నన్ను మాట్లాడమన్నారు. కనిపెట్టుకొని ఉండటం అనేది మన అమ్మమ్మల మాట. బాలింతను కనిపెట్టుకొని ఉండమంటారు, జ్వరం పడ్డ బిడ్డను కనిపెట్టుకొని ఉండమంటారు. ఆస్పత్రిలో నర్సు చేసే పనికి ఇంతకంటే మంచి మాట లేదు. బడిపంతులుకి నర్సు పని గురించి ఏం తెలుసు అని మీరు అడగొచ్చు. నా దగ్గర పదో తరగతి చదివిన మన పిల్లల్లో నలుగురు ఇవాళ స్టాఫ్ నర్సులు. వాళ్ళు చెప్పింది విన్నాను, చేసి చూపిస్తే చూశాను, పుస్తకాల్లో సరిచూసుకున్నాను. అదే మీ ముందు పెడుతున్నాను.

ఇవాళ మార్చి 10. సావిత్రిబాయి చనిపోయింది 1897లో ఇదే రోజున. చైనా నుండి వచ్చిన ప్లేగు 1896లో బొంబాయిని పట్టింది, అక్కణ్ణుంచి పూణే చేరింది. ఊరి బయట హడప్సర్ దగ్గర, డాక్టరైన కొడుకు యశ్వంత్‌తో కలిసి ఆమె రోగులకు ఆసరా ఇచ్చింది. ముంఢ్వా మహర్‌వాడలో ప్లేగు సోకిన పిల్లవాణ్ణి వీపున మోసుకొచ్చింది. ఆ జబ్బే ఆమెకూ అంటింది. అప్పటికి ఆమెకు 66 ఏళ్ళు. ఈ దేశంలో ఆడపిల్లలకు అక్షరం చెప్పిన తొలి పంతులమ్మ, రోగిని ముట్టుకున్నందుకు ప్రాణం పోగొట్టుకుంది. ఆమె పోయిన 123 ఏళ్ళకి, 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించింది. ఆ రోజు నుండి ముట్టుకోవటం అనే పని నర్సుల మీద పడింది.

ఒంటి భాష

మన ఒళ్ళు కొన్ని గుర్తుల ద్వారా మాట్లాడుతుంది. ఒంటి వేడి, నాడి, శ్వాస, రక్తపోటు, రక్తంలో ప్రాణవాయువు, ఆపైన మనిషి తెలివి. ఆస్పత్రిలో వీటిని వైటల్స్ అంటారు. పాతతరం నర్సులు టీపీఆర్ చార్టు అనేవాళ్ళు. టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్ అని. మంచం కాళ్ళ దగ్గర వేలాడే అట్ట మీది కాగితం అదే. మనం దాన్ని ఎప్పుడూ తిప్పి చూడం. డాక్టరు గారు వచ్చి ముందుగా చూసేది దాన్నే.

ఇందులో అన్నిటికంటే చులకనైపోయింది శ్వాస. వేడికి థర్మామీటరుంది, రక్తపోటుకి మిషనుంది. శ్వాసకి నర్సు కళ్ళు, గోడ గడియారం తప్ప వేరే యంత్రం మామూలు వార్డులో ఉండదు. ఎట్టా లెక్కపెడతారో నా శిష్యురాలు చేసి చూపించింది. 'నీ శ్వాస లెక్కపెడుతున్నా' అని చెప్తే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు. అందుకని ముందు మణికట్టు పట్టుకొని నాడి చూస్తుంది. నాడి అయినాక చెయ్యి వదలదు. పట్టుకునే ఉండి చూపు రొమ్ము మీదికి తిప్పుతుంది. నిండా ఒక నిమిషం. రొమ్ము లేచి పడితే ఒకటి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే, ఒక్క శ్వాస తప్పినా లెక్కలో నాలుగు తప్పుతుంది. ఇది లెక్కల మాస్టర్లం మాకూ తెలిసిన సంగతే.

పెద్దవాళ్ళకి విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుండి 20 శ్వాసలు మామూలు. కరోనాలో మన దేశపు వైద్య నిబంధనలు గీసిన గీత 24. శ్వాస 24కి చేరినా, ప్రాణవాయువు 93 నుండి 90 మధ్యకు దిగినా మధ్యస్థ జబ్బు, ఆస్పత్రిలో ఉండాలి. శ్వాస 30 దాటినా, ప్రాణవాయువు 90కి తగ్గినా తీవ్రం.

కరోనా ఇంకో మోసం చేసింది. కొందరికి ప్రాణవాయువు 80లోకి దిగినా ఆయాసం తెలియలేదు. ఫోను మాట్లాడుతూ, ఇడ్లీ తింటూ ఉన్న మనిషి గంటల్లో కూలిపోయాడు. ఇదేం మాయ కాదు. మనకి ఊపిరాడటం లేదనే బాధ పుట్టించేది ఎక్కువగా ఒంట్లో పేరుకునే బొగ్గుపులుసు వాయువు. ఈ జబ్బు మొదట్లో అది బయటికి పోతూనే ఉంటుంది, ప్రాణవాయువు మాత్రం లోపలికి చాలినంత చేరదు. ఒళ్ళు కేక వెయ్యదు. కేక వెయ్యని ఒంటిని కనిపెట్టాలంటే ఎవరో ఒకరు గంట గంటకీ వచ్చి చూడాలి. ఆ వచ్చి చూసిన మనిషి నర్సు.

అంకె ఒక ఆయుధం

ఇంగ్లండులో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక మార్కుల పద్ధతి తెచ్చింది, 2017లో దాన్ని సరిదిద్దింది. ఒక్కో గుర్తుకీ సున్నా నుండి మూడు దాకా మార్కులు. మా బడిలో మార్కులు ఎక్కువొస్తే పాసు. ఇక్కడ తలకిందులు, ఎక్కువొస్తే ప్రమాదం. శ్వాస 25కి చేరితే 3. ప్రాణవాయువు 91, అంతకు తక్కువైతే 3. నాడి 111కి చేరితే 2. మనిషి తెలివి తప్పుతున్నా, కొత్తగా తికమకగా మాట్లాడుతున్నా 3. ఆక్సిజన్ పెట్టి ఉంటే 2. మొత్తం 5కి చేరితే డాక్టరు త్వరగా రావాలి. 7కి చేరితే ఉన్నపళాన రావాలి.

దీంట్లో మనకేముంది? చెప్తాను. వార్డులో అడుగున నిలబడేది నర్సు. అందులోనూ మన పేట పిల్ల అయితే ఆమె మాటకి విలువ ఇంకో మెట్టు కింద. అర్ధరాత్రి ఫోను చేసి 'సార్, పేషెంటు బాలేదు' అంటే, 'పొద్దున చూద్దాంలే సిస్టర్' అని పెట్టేసేవాళ్ళున్నారు. అదే పిల్ల 'సార్, శ్వాస 28, సాచురేషన్ 91, నాడి 112, ఎనిమిది మార్కులు, టైము రెండూ పది, చార్టులో రాశాను' అంటే? ఆ అంకెకి కులం లేదు. రాసిపెట్టిన అంకెని రేపు ఎవరూ కాదనలేరు. చదువు మనకి ఆయుధం అని బాబాసాహెబ్ బాటలో నడిచే మనం ఊరికే అనటం లేదు.

పరికరం ఎవరి వేలికి సరిపోతుంది?

వేలికి పెట్టే ఆ చిన్న క్లిప్పుని పల్స్ ఆక్సీమీటరు అంటారు. దాని వెనకున్న సూత్రాన్ని 1974లో కనిపెట్టింది జపాను ఇంజనీరు తకువో అవోయాగి. కరోనా మొదటి నెలల్లోనే, 2020 ఏప్రిల్ 18న ఆయన పోయారు. ప్రాణవాయువు నిండిన రక్తం ఎర్రగా, లేనిది నల్లెరుపుగా ఉంటుంది. ఆ క్లిప్పు ఒక ఎర్ర కాంతిని, కంటికి కనపడని ఇంకో కాంతిని వేలి గుండా పంపి, ఎంత పీల్చుకుందో చూసి లెక్కగడుతుంది.

మరి కాంతి చర్మం గుండా పోవాలి గదా! చర్మం నల్లనిదైతే? 2020 డిసెంబరులో అమెరికాలో మిషిగాన్ డాక్టర్లు అచ్చేసిన లెక్క చూడండి. క్లిప్పు 92 నుండి 96 చూపిస్తున్నప్పుడు రక్తం తీసి పరీక్షిస్తే, అసలు 88కి కూడా తక్కువున్నవాళ్ళు తెల్లవాళ్ళలో నూటికి 4 మంది లోపు, నల్లవాళ్ళలో నూటికి 12 మంది దాకా తేలారు. అంటే నల్లమనిషి ప్రాణం జారిపోతుంటే పరికరం 'బాగుంది' అంటోంది. పరికరానికి పగ లేదు. దాన్ని తయారుచేసేటప్పుడు ఎవరి వేళ్ళ మీద సరిచూశారన్నదే ప్రశ్న. ఎండలో నాట్లేసి, ఇటుకలు మోసి నల్లబడ్డ మన చేతుల మీద అది ఎంత నిజం చెప్తోందో సరిచూసి చెప్పమని మనం అడగాలి.

అందుకే మంచి నర్సు అంకెని గుడ్డిగా నమ్మదు. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చజేస్తుంది. గోళ్ళ రంగు తీయిస్తుంది. అంకె నిలబడేదాకా ఆగుతుంది. నిన్నటితో, పొద్దుటితో పోల్చి చూస్తుంది. నాలుక రంగు చూస్తుంది. ఒక్క గుక్కలో మాట పూర్తిచేస్తున్నాడా, మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడా అని వింటుంది. క్లిప్పు 95 అన్నా శ్వాస 30 ఉంటే ఆమె శ్వాసనే నమ్ముతుంది.

వ్యాపారం సంగతీ చెప్పాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో ఉప్పెన వచ్చినప్పుడు ఈ క్లిప్పులు మందుల షాపుల్లో దొరకలేదు, దొరికినచోట ఎక్కువ ధర చెప్పారు. వీటి మీద వ్యాపారుల లాభానికి ప్రభుత్వం నూటికి 70 అని హద్దు పెట్టింది 2021 జూలైలో. అప్పటికి ఉప్పెన తగ్గింది, శ్మశానాలు నిండినాయి.

థర్మామీటరు చేతులు మారిన కథ

1929 డిసెంబరు 12 నాటి 'యంగ్ ఇండియా'లో ఒక ఉత్తరం అచ్చయింది. రాసింది కాఠియావాడ్ ప్రాంతంలో పనిచేసే ఒక అంటరాని బడిపంతులు. దాన్ని బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చేర్చారు. ఆ పంతులు భార్య ప్రసవించి రెండ్రోజులకి జబ్బు పడింది. రొమ్ము వాచింది, ఊపిరి కష్టమైంది. డాక్టరు వాడలోకి రానన్నాడు. పెద్దమనుషులు చెప్తే, ఫీజుకి పూచీ ఇస్తే, ఒక షరతు మీద వచ్చాడు. బాలింతను వాడ బయటికి తీసుకురావాలి. పసిబిడ్డతో సహా తెచ్చారు. డాక్టరు తన థర్మామీటరుని ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకి పెట్టాడు. మళ్ళీ అదే వరసలో వెనక్కి. దీపం వెలుగులో చూసి న్యుమోనియా అన్నాడు. మందు పంపించాడు. మళ్ళీ చూడటానికి రాలేదు. ఆమె చనిపోయింది.

చెల్లెళ్ళారా, ఆ డాక్టరుకి చదువుంది, జబ్బు పేరు తెలుసు, థర్మామీటరుంది. లేనిదల్లా ఆ మణికట్టు పట్టుకునే చెయ్యి. అది లేనిచోట వైద్యం లేదు. న్యుమోనియాని కనిపెట్టుకొని ఉండాలంటే పక్కన కూర్చుని శ్వాస లెక్కపెట్టాలి, మళ్ళీ మళ్ళీ రావాలి. ఒక్కసారి ఒక్క అంకె చూసి పోవటం కనిపెట్టుకొని ఉండటం కాదు.

ఇప్పుడు 2020కి రండి. 'సామాజిక దూరం' పాటించమని టీవీలన్నీ మోగినాయి. మనకి ఆ మాట కొత్తా? బావి దగ్గర దూరం, హోటల్లో గ్లాసు దూరం, గుళ్ళో దూరం. జబ్బుకి కావాల్సింది ఒంటికి ఒంటికి మధ్య రెండు గజాల దూరం. దానికి సామాజిక దూరం అని పేరుపెట్టటంలోనే ఈ దేశపు పాత అలవాటు బయటపడింది. ఆ దూరాన్ని దాటి లోపలికి పోయింది ఎవరు? నర్సు, ఆయా, వార్డుబాయి, స్వీపరు. వాళ్ళలో ఎక్కువమంది ఏ వాడల నుండి వచ్చారో వేరే చెప్పాలా?

నర్సు చదువులోకి మనోళ్ళు రావటానికీ ఒక కారణముంది. పరాయి ఒంటిని ముట్టుకోవటం, మలమూత్రాలు ఎత్తటం మైల అని పెద్దకులాల ఇళ్ళు తమ ఆడపిల్లల్ని చాలాకాలం పంపలేదు. గుంటూరుకి 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ లాంటి మిషన్ డాక్టరమ్మలు ఆస్పత్రులు కట్టినాక, మన మాల మాదిగ క్రైస్తవ ఆడపిల్లలకి ఆ తలుపు తెరుచుకుంది. ఒకటి గమనించండి. 1860లలో థర్మామీటరు చిన్నదై చేతికందినప్పుడు, దాన్ని పెట్టి జ్వరం గీతలు గీయటం డాక్టర్ల గొప్ప విజ్ఞానం. అదే పని రోజుకి నాలుగుసార్లు చెయ్యాల్సి వచ్చేసరికి నర్సు చేతికొచ్చింది. చేతికి రాగానే దాని పేరు విజ్ఞానం నుండి 'సేవ'గా మారింది. పేరు మారింది గాని పని మారలేదు. శ్వాస 18 నుండి 26కి పోవటం చూసి ఏం జరగబోతోందో చెప్పటం విజ్ఞానమే.

నలభై మంచాల లెక్క

ఇప్పుడు బడిపంతులుగా ఒక లెక్క వేస్తాను. ఒక రోగికి వేడి, నాడి, శ్వాస, రక్తపోటు, సాచురేషన్ చూసి, చేతులు శుభ్రం చేసుకొని చార్టులో రాయటానికి 6 నిమిషాలు అనుకోండి. వార్డులో 40 మంది, నర్సు ఒక్కతే. 40 ఆర్లు 240 నిమిషాలు. నాలుగు గంటలు. నాలుగు గంటలకోసారి చూడమని ఆర్డరు. అంటే ఒక రౌండు అయ్యేసరికి రెండో రౌండు మొదలు. మరి ఇంజక్షన్ ఎవరిస్తారు? ఆక్సిజన్ సిలిండరు ఎవరు చూస్తారు? ఊపిరాడని మనిషిని బోర్లా ఎవరు తిప్పుతారు? వెంటిలేటరు మీదున్న ఒక్కణ్ణి తిప్పటానికే నలుగురైదుగురు కావాలి. పైగా పీపీఈ లోపల చెమట, మసకబారిన కళ్ళద్దాలు, రెండు పొరల గ్లౌజుల కింద నాడి వేలికి సరిగా అందదు. డ్యూటీ అయ్యేదాకా మంచినీళ్ళు లేవు, మరుగుదొడ్డి లేదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం ఏంది? మామూలు ఆస్పత్రిలో 5 మంచాలకి ఒక నర్సు, బోధనాస్పత్రిలో 3 మంచాలకి ఒకరు. 5 మంది అయితే 5 ఆర్లు 30 నిమిషాలు. అప్పుడు శ్వాస లెక్కపెట్టొచ్చు, రోగితో ఒక మాట మాట్లాడొచ్చు.

నియమం కాగితం మీద, నర్సు ఒంటరిగా. ఫలితం ఏంది? చార్టు తిప్పి చూస్తే శ్వాస గడిలో అందరికీ 20, 20, 20. నలభై మంది ఒకే లెక్కన ఊపిరి పీలుస్తారా? ఈ జబ్బు మన దేశానిదే కాదు, పైదేశాల్లోనూ పరిశోధకులు ఎత్తిచూపిందే. ఇక్కడ నా చెల్లెళ్ళకి ఒక కఠినమైన మాట చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు. లెక్కపెట్టని అంకె రాయొద్దు. టైము చాలకపోతే గడి ఖాళీగా వదిలి, ఎందుకు చూడలేకపోయారో పక్కన రాయండి. 20 అని రాసిన అబద్ధం రోగిని చంపుతుంది, నర్సులు సరిపోయారని సర్కారుకి సాక్ష్యం కూడా చెప్తుంది. ఖాళీ గడి నిజం చెప్తుంది. 'గడి ఖాళీగా వదిలితే మెమో ఇస్తారు సార్' అంటారు మీరు. నిజమే, ఇస్తారు. ఆ మెమోకి జవాబు ఆ పిల్ల ఒక్కతే రాయకూడదు. ఈ భవనంలో కూర్చున్న మనందరం ఆమె వెంట ఆస్పత్రి గుమ్మం దాకా పోవాలి. ఎందుకంటే ఆ మంచం మీద పడుకునేది మనమే. డబ్బున్నోడు కార్పొరేట్ ఆస్పత్రికి పోతాడు.

2020 మార్చి 22న పళ్ళాలు మోగించారు. మే 3న హెలికాప్టర్ల నుండి ఆస్పత్రుల మీద పూలు చల్లారు. అదే కాలంలో అద్దె ఇళ్ళు ఖాళీ చెయ్యమని నర్సులని, డాక్టర్లని వెళ్ళగొట్టారు. ఏప్రిల్ 22న కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి, వాళ్ళ మీద దాడులకి శిక్షలు పెట్టాల్సొచ్చింది. అది సావిత్రిబాయి పోయిన ఏడే పుట్టిన చట్టం. 2021 జూలైలో తెలంగాణలో కరోనా కోసం ఔట్‌సోర్సింగ్ మీద తీసుకున్న నర్సుల్ని వందల సంఖ్యలో తీసేస్తే, హైదరాబాదులో రోడ్డెక్కారు. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016 జనవరిలో చెప్పినాక, కేంద్రం వేసిన కమిటీ యాభై మంచాల లోపు ఆస్పత్రిలో కూడా నెలకి 20,000 రూపాయలకు తగ్గకూడదంది. మన టౌన్లో ఎంతిస్తున్నారో ఇక్కడున్న చెల్లెళ్ళనే అడగండి. దేవత అన్నప్పుడల్లా జాగ్రత్తగా ఉండండి. దేవతకి జీతం అడిగే హక్కుండదు.

మనం చెయ్యాల్సింది

మాటలు చాలు, పనిలోకి వద్దాం. ప్రతి పేట సంఘంలో ఒక థర్మామీటరు, ఒక ఆక్సీమీటరు, ఒక బీపీ మిషను, ఒక నోటుబుక్కు ఉండాలి. పదో తరగతి దాటిన ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు మన నర్సు చెల్లెళ్ళ దగ్గర ఈ విద్య నేర్చుకోవాలి. మగపిల్లల్ని కావాలనే అంటున్నాను. కనిపెట్టుకొని ఉండటం ఆడవాళ్ళ పని అని రాసిన శాసనం ఏదీ లేదు.

ఈ అంకెలు గోడ మీద రాసుకోండి. జబ్బుపడ్డ పెద్దవాళ్ళకి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక, ప్రాణవాయువు 94 కంటే తగ్గితే ఏఎన్ఎంకో డాక్టరుకో చెప్పాలి. 90కి తగ్గితే ఆలస్యం లేకుండా 108. శ్వాస నిమిషానికి 24కి చేరితే కదలాలి. పెదాలు నీలంగా మారినా, మనిషి మత్తుగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అంకె కోసం ఆగొద్దు. దగ్గు, ఊపిరి కష్టం ఉన్న పసిపిల్లలకి లెక్క వేరు. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, రెండు నెలల నుండి ఏడాది లోపు 50, ఏడాది నుండి ఐదేళ్ళ లోపు 40. ఆ లెక్కకి చేరినా, దాటినా న్యుమోనియా అనుమానించాలి. మన ఆశా అక్కలకి ఇది కంఠతా వచ్చు. వాళ్ళని అడిగి నేర్చుకోండి.

ఇక ఆస్పత్రి దగ్గర మన అడుగులు మూడు. వార్డులో ఎన్ని మంచాలున్నాయి, ఏ షిఫ్టుకి ఎంతమంది నర్సులున్నారు అని సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. కౌన్సిల్ నియమం ప్రకారం పోస్టులు నింపమని, కాంట్రాక్టు వాళ్ళని పర్మినెంటు చెయ్యమని పట్టుబడదాం. మనవాళ్ళు మంచంలో ఉంటే, చార్టులో ఏం రాశారని మర్యాదగా అడుగుదాం. నర్సుని నిలదియ్యటానికి అడగొద్దు. ఆమె లెక్కకి విలువిచ్చేవాళ్ళు బయటున్నారని ఆమెకి తెలియాలి.

మహమ్మారి అత్యవసరం ముగిసిందని 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇంకోటి ఎప్పుడొస్తుందో చెప్పలేం గాని, న్యుమోనియా, డెంగీ, బాలింత జ్వరం మాత్రం మన పేటల్లో ప్రతి ఏడూ ఉన్నాయి. వాటికీ ఈ లెక్కే కావాలి. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకి ఇక్కడే మొదటి క్లాసు. చెప్పేది మన నర్సు చెల్లెళ్ళు, మొదటి బెంచీలో కూర్చుని నేర్చుకునేది నేను. వచ్చేటప్పుడు సెకన్ల ముల్లున్న గడియారం తెచ్చుకోండి.

జై భీమ్. జై సావిత్రిబాయి.